సూర్యుడి సర్వీసు రిజిస్టరు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడు రోజులు ముసురు పట్టి, తెల్లారుజామున గాలి మళ్ళి, ఉన్న మబ్బునంతా పడమటికి తోసేసింది. దుమ్ము అణిగిపోయింది. ఎర్రగుట్ట మీద అటువంటి పొద్దు ఏడాదికి పది పన్నెండుసార్లకు మించి రాదు. వచ్చిన రోజున సూర్యుడి అంచు నీళ్ళలో నీడ మాదిరి వణకదు. కంపాసుతో గీసినట్టు నిలబడి ఉంటుంది.

ఆ పొద్దునే మా అందరినీ హాల్లో కూచోబెట్టి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, తలుపులు మూసి, సూర్యుణ్ణి గమనించే పద్ధతి నేర్పించినారు.

గుడ్డలు ఎందుకంటే, గోడ మీద ప్రొజెక్టరు బొమ్మ కనపడాలంటే ఎండ పనికిరాదు. ఎండ ఎక్కడెక్కడ దూరుతోందో చూసి ఆ సందులు కూడా మూయమని నాకే చెప్పినారు. మూసినాను.

నా పేరు ఓబులేసు. ఎర్రగుట్ట సూర్య పరిశోధన కేంద్రంలో పరిశీలన సహాయకుణ్ణి. పేరు పెద్దది గానీ పని చిన్నది. గుట్ట కొసన గుండ్రటి కప్పు కింద ఒక దుర్భిణి ఉంది. దాంట్లోనుంచి వచ్చే సూర్యబింబం బల్ల మీద పరిచిన కాగితంపైన జానెడు వెడల్పున పడుతుంది. అందులో కనపడే మచ్చలను పెన్సిలుతో ఉన్నవి ఉన్నట్టు గీయాల. ఎన్నో లెక్క రాయాల. కింద తేదీ, టైము వేయాల. మబ్బుంటే మబ్బు అని రాయాల. మా ఊరి బడి చదువు దానికి సరిపోయింది.

ఆ కాగితాల కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారు. డాక్టరు హైమావతమ్మ. పదకొండేళ్ళ కిందట ఈ గుట్ట ఎక్కినారు. సూర్యుడి మచ్చలకు ఒక వాయిదా ఉందని నాకు ఆమే చెప్పినారు. పదకొండేళ్ళు అటూ ఇటూగా పెరిగి, తరిగి, దాదాపు లేకుండా పోయి, మళ్ళీ మొదలవుతాయి. ముసలి మచ్చలు బింబం నడుం దగ్గరికి దిగి ఆరిపోతాయి. కొత్త వరుసలో తొలి మచ్చ మాత్రం నడుముకు దూరంగా, పైకెక్కడో, ఆవగింజంత లేస్తుంది. ఇప్పటి వరుసలో తొలి మచ్చ నుంచి రాబోయే వరుసలో తొలి మచ్చ దాకా, ఒకే దుర్భిణితో, ఒకే చేత్తో, రోజు తప్పకుండా గీసిన లెక్క ఒకటి లోకానికి ఇవ్వాలని ఆమె పట్టు. ఆ చెయ్యి నాది. ఇంక ఏడాది లోపల ఆ తొలి మచ్చ రావాల.

ఇంకొక సంగతి ఉంది. అన్ని దేశాల లెక్కలూ ఒకచోట చేర్చే జాబితా ఉంది. వరుసగా పదిహేను రోజులు ఏ కేంద్రం నుంచైనా లెక్క పోకపోతే ఆ పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే పదకొండేళ్ళ వరుస తెగినట్టే.

ఇట్లా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట సూర్య పరిశీలనల సమాచారమంతా 'అంశుమాలి' అనే సాఫ్ట్‌వేరు ద్వారానే నిర్వహించవలెనని, అందులో నమోదు కాని పరిశీలన పరిశీలనగా పరిగణింపబడదని, కాగితంపై గీసినవి సిబ్బంది వ్యక్తిగత చిత్రలేఖనంగా భావింపబడునని అందులో రాసి ఉంది. జాబితాకు లెక్క పంపడం కూడా ఇంక ఆ సాఫ్ట్‌వేరే చూసుకుంటుందట.

నేర్పడానికి పట్నం నుంచి ఒక శిక్షకుడు వచ్చినాడు. చేతిలో తొంభై నాలుగు పేజీల పుస్తకం. అందులో మొదటి అధ్యాయం పేరు 'ప్రారంభించుట'. రెండో అధ్యాయం 'పరిశీలించుట'. అది ఇంకా రాయలేదని, ముందు బాగా ప్రారంభించండని శిక్షకుడు చెప్పినాడు.

ఈ సాఫ్ట్‌వేరు మొదట ఏదో శాఖలో ఉద్యోగుల వివరాల కోసం చేసిందట. బాగా పని చేస్తోందని పేరొచ్చి, 'ఉద్యోగి' అని ఉన్నచోటల్లా 'పరిశీలనాంశం' అని మార్చి మాకు పంపినారు. శిక్షకుడు ఆ మాట గొప్పగానే చెప్పినాడు. మొదటి పేజీలో పరిశీలనాంశం వివరాలు నింపాల. ఎర్ర చుక్క ఉన్న గడి నింపకపోతే ముందుకు పోదు. అన్ని గడులకూ ఎర్ర చుక్క ఉంది.

పేరు దగ్గర ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంటిపేరు దగ్గర ఆగింది. సూర్యుడు ఒక నక్షత్రం కదా అని హైమావతమ్మ విసుగ్గా అన్నారు. శిక్షకుడు 'నక్షత్రం సూర్యుడు' అని టైపు చేసేసినాడు. తండ్రి పేరు దగ్గర అరపూట పట్టింది. మా సూపరింటెండెంటు పంచాక్షరయ్య గారు కశ్యపుడన్నారు, దానికి ఆధారాలున్నాయన్నారు. డైరెక్టరు గారు ఇది శాస్త్రీయ సంస్థ, పురాణాలు చెల్లవన్నారు. హైమావతమ్మ వాయువూ దుమ్మూ కలిసిన మేఘం అన్నారు. మేఘం తండ్రో తల్లో నిర్ధారణ కావడం లేదని శిక్షకుడు అభ్యంతరం చెప్పినాడు. కడకు 'కీర్తిశేషులు కశ్యపుడు' అని వేసినారు. కాలం చేసినవాడు కాబట్టి శాస్త్రానికి ఇబ్బంది లేదని డైరెక్టరు గారు ఒప్పుకున్నారు.

శాశ్వత చిరునామాకు పిన్‌కోడు తప్పనిసరి. మా గుట్ట పిన్‌కోడు వేసినారు.

పుట్టిన తేదీ దగ్గర అందరూ చేతులెత్తేసినారు. నాలుగు వందల అరవై కోట్ల ఏండ్లని హైమావతమ్మ చెప్పినారు. గడిలో సంవత్సరానికి నాలుగంకెలే పడతాయి. పందొమ్మిది వందలకు ముందుదైతే అది ఒప్పుకోదు. పొద్దు వాలింది. పంచాక్షరయ్య గారు నా వైపు తిరిగినారు.

"ఏమప్పా ఓబులేసూ, నిన్ను బళ్ళో చేర్చినప్పుడు నీ పుట్టిన తేదీ మీ అయ్యవారికి ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా సార్. తల మీదినుంచి చెయ్యేసి అవతలి చెవి అందుకోమన్యాడు. అందింది. జూలై ఒకటి అని రాసుకున్యాడు."

ఆయన తనదీ జూలై ఒకటేనన్నారు. డైరెక్టరు గారు గొంతు సవరించుకుని తనదీ అదేనన్నారు. లెక్క తీస్తే హాల్లో ఉన్న తొమ్మిది మందిలో ఆరుగురం జూలై ఒకటిన పుట్టినవాళ్ళం. ఇంతమంది గెజిటెడ్, నాన్‌గెజిటెడ్ సిబ్బందికి చెల్లిన తేదీ ఒక నక్షత్రానికి చెల్లకపోదని తీర్మానం అయింది. సంవత్సరానికి మా కేంద్రం పెట్టిన సంవత్సరం వేసినారు. అంతకుముందు సూర్యుడు ఉన్నట్టు ఆఫీసులో కాగితం లేదు.

గోడ మీద పచ్చ అక్షరాలు పడినాయి, నమోదు విజయవంతమైనదని. అందరం చప్పట్లు కొట్టినాం. నల్లగుడ్డలు విప్పేసరికి బయట సూర్యుడు లేడు.

ప్రారంభించుట అయింది. ఇంక రోజూ పని. ఏ రోజు మచ్చల లెక్క ఎక్కించాలన్నా ముందు ఆ రోజుకు సూర్యుడి హాజరు వేయాల. హాజరు, సెలవు, గైర్హాజరు, ఈ మూడిట్లో ఒకటి నొక్కాల. మబ్బు అనేది ఎక్కడా లేదు. నవంబరులో తుఫాను పట్టి పదకొండు రోజులు పొద్దు మొహం చూపలేదు. హైమావతమ్మ పళ్ళు బిగబట్టి పదకొండు గైర్హాజరులు నొక్కినారు. ఏదో ఒకటి నొక్కితే లెక్క పంపినట్టే, జాబితాలో పేరు నిలుస్తుంది.

తుఫాను విడిచిన వారానికి పోస్టుమ్యాను రిజిస్టరు కవరు తెచ్చినాడు. నక్షత్రం సూర్యుడంటే ఎవరు, కొత్తగా చేరినాడా అని అడిగినాడు. మేడ మీద ఉంటాడని చెప్పి సంతకం చేసి తీసుకున్నాను. లోపల మెమో. ముందస్తు అనుమతి లేకుండా పదకొండు దినములు విధులకు గైర్హాజరైనందున తమపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో వారము లోపల సంజాయిషీ ఇచ్చుకొనవలెనని.

సంజాయిషీ పంచాక్షరయ్య గారు స్వహస్తంతో రాసినారు. ఇటువంటివి రాయడంలో ఆయనకు ఎదురు లేదు. వాతావరణ కారణముల వలన రాలేకపోయితినని, ఇకముందు ఇట్టి పొరపాటు జరగనివ్వనని, ఈ ఒక్క తూరికి మన్నించవలెనని. సంతకం దగ్గర ఆలోచన పడింది. సంబంధిత వ్యక్తి సంతకమే ఉండాల. కాగితాన్ని దుర్భిణి కింద పెట్టి, బింబం అంచు సంతకం గడిలో పడేటట్టు చేసి, దాని వెంబడి గీయమని నాకు చెప్పినారు. గీసినాను. హెడ్డాఫీసు వాళ్ళు మన్నించినారు.

చలికాలం పోయింది, ఎండలు ముదిరినాయి. మచ్చలు తగ్గుతూ వచ్చినాయి. మే నెలలో సగం రోజులు ఖాళీ గుండ్రమే గీసినాను. ఉన్న ఒకటీ అరా నడుం దగ్గర మసకమసకగా ఉండేవి. హైమావతమ్మ పొద్దున్నే వచ్చి కాగితం పైభాగం చూసి పోయేవాళ్ళు. చూపు ఎప్పుడూ పైకే.

జూన్ ముప్పై పొద్దున ఆమె ఆ రోజు లెక్క ఎక్కించగానే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చినాయి. పరిశీలనాంశం అరువది సంవత్సరముల వయస్సు పూర్తి చేసి పదవీ విరమణ పొందినది. ఖాతా మూసివేయబడినది.

మా కేంద్రం పెట్టి అరవై ఏళ్ళయింది. నాకూ ఆ రోజే అరవై నిండినాయి. డైరెక్టరు గారు ఇద్దరికీ కలిపి ఒకే సభ పెట్టినారు. నాకొక శాలువా కప్పినారు. ఇంకొకటి దుర్భిణికి కప్పమని నా చేతికే ఇస్తే పైకెక్కి కప్పి వచ్చినాను. సభ మధ్యాహ్నం నాలుగింటికి, హాల్లో, ఎండ తగలకుండా కిటికీలు మూసి జరిగింది. డైరెక్టరు గారు మాట్లాడుతూ, సూర్యుడి సమయపాలన యువ సిబ్బందికి ఆదర్శమని, సుదీర్ఘ సేవలో ఆయన ఒక్క రోజూ ఆలస్యంగా రాలేదని అన్నారు. పంచాక్షరయ్య గారు చెవిలో ఏదో చెబితే, నవంబరు నెలలో తప్ప అని దిద్దుకున్నారు. నన్ను గురించి ఓబులేసు కూడా అంతే అన్నారు.

మరుసటి రోజు పొద్దు ఎప్పటి మాదిరే పొడిచింది. నేనూ ఎప్పటి మాదిరే గుట్ట ఎక్కినాను. గేటు దగ్గర వాచ్‌మ్యాను రిటైరైనవాళ్ళు సందర్శకుల పుస్తకంలో రాయాలన్నాడు. రాసినాను. వచ్చిన పని అన్నచోట 'చూడ్డానికి' అని రాసినాను. పైకి పోయి దుర్భిణి మీది శాలువా తీసి మడిచి పెట్టి, కాగితం పరిచినాను.

నేను గీస్తున్నాను గానీ అది ఇప్పుడు నా వ్యక్తిగత చిత్రలేఖనం. జాబితాకు ఏమీ పోవడం లేదు. ఒక రోజు, రెండు రోజులు. హైమావతమ్మ రోజూ డైరెక్టరు గారి గదికి పోయి వస్తున్నారు. విరమణ పొందినవారిని తిరిగి తీసుకోవడానికి నిబంధన ఉందని, దానికి ఆరోగ్య ధ్రువపత్రం కావాలని ఆరో రోజు తేలింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును జీపులో తీసుకొచ్చినారు. మంచి మనిషి, మంచి భయస్తుడు. రోగిని చూడకుండా సంతకం పెట్టనన్నాడు. బయటికి తీసుకొచ్చి చూపించినాను. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, నాడి అన్న గడిలో 'అందలేదు' అని రాసినాడు. ఉష్ణోగ్రత ఎంత అని అడిగినాడు. పైన అయిదున్నర వేల డిగ్రీలని హైమావతమ్మ చెప్పినారు. గడిలో మూడంకెలే పడతాయి. కాసేపు ఆలోచించి 'జ్వరము ఉన్నది' అని రాసి జీపెక్కినాడు.

పన్నెండో రోజు హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. సదరు అభ్యర్థికి జ్వరము తగ్గిన పిమ్మట తిరిగి పరీక్ష చేయించి పంపవలెను.

ఆ సాయంత్రం నేను వరండాలో ఉండగా డైరెక్టరు గారి గదిలోనుంచి మాటలు వినపడినాయి. హైమావతమ్మ గొంతు ఎప్పుడూ అంత మెల్లగా ఉండదు.

"సార్, ఇంక మూడు రోజులే ఉంది. ఓబులేసన్న గీసినవన్నీ నా దగ్గరున్నాయి. కవర్లో పెట్టి జాబితా వాళ్ళకు పోస్టు చేస్తా. అనుమతి ఇవ్వండి."

"నాకు మాత్రం బాధ లేదా అమ్మా? కానీ నిబంధనల ప్రకారం సూర్యుడు ఇప్పుడు ఒక ప్రైవేటు వ్యక్తి. ఆయన వివరాలు మనం బయటికి పంపితే గోప్యతా ఉల్లంఘన అవుతుంది."

పద్నాలుగో రోజు పంచాక్షరయ్య గారే దారి కనుక్కున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఏ కుర్చీ ఖాళీ అయినా చూసింది ఒకటే. ఖాళీ అయిన పోస్టుకు తర్వాతి సీనియరుకు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తారు. మనిషి మారినా కుర్చీ ఆగదు. మా కేంద్రంలో వెలుతురు ఇచ్చేవాటిని సీనియారిటీ ప్రకారం వరుస పెట్టినారు. ప్రొజెక్టరు నిన్నగాక మొన్న వచ్చింది. గేటు దీపానికి నాలుగేళ్ళు. హాల్లో ఉన్న ట్యూబ్‌లైటుకు పద్నాలుగేళ్ళు. సూర్యుని విధులు తదుపరి ఉత్తర్వుల వరకు హాలులోని ట్యూబ్‌లైటు నిర్వర్తించునని ఉత్తర్వు రాసి, సాఫ్ట్‌వేరులో ఎక్కించినారు. సాఫ్ట్‌వేరు వెంటనే ఒప్పుకుంది. అటువంటి పని దానికి కొత్త కాదు.

ట్యూబ్‌లైటు ఆ రోజే చేరింది. ఆనాటి నుంచి హాజరుకు కొరత లేదు. మబ్బు లేదు, ముసురు లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. మచ్చలు ఎన్ని అన్నచోట సున్నా. దాని రెండు కొసలూ నల్లబడి ఉన్నాయి కదా, వాటిని లెక్కలోకి తీసుకోవాలా అని ఒక సందేహం వచ్చింది. అవి మచ్చలు కావు, అనుభవం అని డైరెక్టరు గారు తేల్చినారు.

సున్నాలు జాబితాకు పోతున్నాయి. అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. రాదు కూడా. మచ్చలు తరిగిపోయే కాలం, నిజం సూర్యుడి మీద కూడా సగం రోజులు సున్నానే. హైమావతమ్మ ఒకనాడు పైకొచ్చి, నేను గీసిన ఖాళీ గుండ్రం పక్కన నిలబడి చెప్పినారు.

"వాళ్ళు పట్టుకుంటే బాగుండు అన్నా. పట్టుకోరు. ఇది పచ్చి అబద్ధం, కానీ లెక్క సరిగ్గా కలుస్తోంది."

జూలై నెల మొత్తానికి కలిపి ఒక పట్టిక వస్తుంది, దాని మీద పరిశోధకురాలిగా ఆమె సంతకం పెట్టాల. పెడితే ట్యూబ్‌లైటు సున్నాలు ఆమె పదకొండేళ్ళ లెక్కలో కలిసిపోతాయి, వరుస తెగదు. పెట్టకపోతే పేరు పోతుంది, వరుస పోతుంది. ఆ సంతకానికి ఆఖరు రోజు జూలై ముప్పై ఒకటి.

ఆ రోజుకే హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దేశంలో ఇన్ని కేంద్రాలున్నా వంద శాతం హాజరు సాధించిన పరిశీలనాంశం ఎర్రగుట్టదేనని, పాత పరిశీలనాంశంతో పోల్చితే కొత్తది క్రమశిక్షణలో ఎంతో మెరుగని, మొదటి ర్యాంకు ఇస్తున్నామని. డైరెక్టరు గారు అందరికీ హాల్లో భోజనాలు పెట్టించినారు. ట్యూబ్‌లైటుకు పూలదండ వేసినారు. నన్నూ పిలిచినారు. వస్తానని చెప్పి పైకి పోయినాను.

ఆకాశంలో గాలిమబ్బులు పరుగెత్తుతున్నాయి. బింబం ఒక నిమిషం ఉంటే రెండు నిమిషాలు లేదు. పదిన్నరకు కాస్త తెరిపి ఇచ్చింది. గుండ్రం గీసుకుని చూస్తే పైభాగంలో, నడుముకు బాగా దూరంగా, ఒక నలక. కాగితంలోని మరకేమో అనుకుని కాగితాన్ని వేలెడు పక్కకు జరిపినాను. మరకైతే కాగితంతోపాటు జరగాల. జరగలేదు. దుర్భిణి అద్దం మీది దుమ్మేమో అని దుర్భిణిని కొంచెం కదిలించినాను. దుమ్మైతే బింబం జరిగినా అది ఉన్నచోటే నిలవాల. ఇది బింబంతోపాటు పోయి, బింబంతోపాటు వచ్చింది.

హైమావతమ్మను పిలవడానికి దిగబోతే ఆమే మెట్లెక్కి వస్తున్నారు. చేతిలో పట్టిక ఉంది. కింద విస్తర్లు వేస్తున్నారని, మూడు గంటల లోపల సంతకం కావాలన్నారని, అందుకే తప్పించుకుని వచ్చినానని అన్నారు. నేను పెన్సిలు మొనతో చూపించినాను.

ఆమె వంగి చూసినారు. చాలాసేపు చూసినారు. మబ్బు వచ్చి బింబం చెరిగిపోతే, మళ్ళీ వచ్చేదాకా వంగే ఉన్నారు. మళ్ళీ వచ్చింది. అదే చోట. నా చేతిలోని పెన్సిలు తీసుకుని టైము తానే వేసినారు. తర్వాత పట్టిక బల్ల మీద పరిచి, సున్నాల మీద అడ్డంగా రాసినారు. ఇవి హాల్లోని ట్యూబ్‌లైటు లెక్కలు. జూలై ఒకటి నుంచి సూర్యుడి లెక్క ఈ కేంద్రం పంపలేదు. కింద సంతకం చేసినారు.

ఆ పట్టిక అట్లాగే జాబితాకు పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆమె కూర్చుని క్యారియరు విప్పినారు. నేను నా సద్దిమూట విప్పినాను.

ఇనుప మెట్ల మీద బరువుగా అడుగులు వినపడినాయి. డైరెక్టరు గారు. చేతిలో విస్తరాకు, దాంట్లో వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది. ఆయన ఆ మెట్లెక్కడం నేను చూడడం అదే మొదలు. కింద అందరూ పరిశోధకురాలి కోసం చూస్తున్నారని చెప్పబోయి, బల్ల మీది పట్టిక చూసినారు. విస్తరి కింద పెట్టి, అద్దాలు సవరించుకుని, చదివినారు. రెండోసారి చదివినారు. తర్వాత పక్కనున్న బింబం మీదికి చూపు పోయింది.

"ఎన్నున్నాయి?"

"ఒకటి సార్," అన్నాను.

ఎక్కడని అడగలేదు. ఆయనా ఒకప్పుడు ఈ మచ్చలు చదివిన మనిషే, ఎక్కడ చూడాలో తెలుసు. పైభాగం చూసినారు. చూస్తూ చూస్తూ మోకాళ్ళు వంచి బల్ల అంచు పట్టుకున్నారు. ఆ కాసేపు ఆయన మొహంలో డైరెక్టరు లేడు.

లేచి, జేబులోనుంచి పెన్ను తీసి, హైమావతమ్మ సంతకం కింద తన ముప్పై ఏళ్ళ అలవాటు ప్రకారం 'పైకి పంపడమైనది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసినారు. ఆ మాటతో ర్యాంకు పోతుంది, ఆయన కుర్చీకి కూడా ఏమైనా కావచ్చు. సిరా ఆరేదాకా కాగితాన్ని వేళ్ళతో పట్టుకుని, తర్వాత ఆమెకు ఇచ్చినారు.

కిందినుంచి పంచాక్షరయ్య గారు సార్, సార్ అని రెండుసార్లు పిలిచినారు. డైరెక్టరు గారు విస్తరి తీసుకుని నేల మీద మాతోపాటు చతికిలబడినారు. నేను జొన్నరొట్టె తుంచి, చెనక్కాయల పొడి వేసి, ఆయన విస్తరి అంచున పెట్టినాను. ఆయన తన పాయసం సగం హైమావతమ్మ గిన్నెలోకి వంచినారు. ఆమె వద్దనలేదు.

బల్ల మీద బింబం మసకేసి, తేటపడి, మళ్ళీ మసకేసింది. ముగ్గురం తిన్నాం.